మోటారుబండిలో పరకాయప్రవేశము

ఒక శరీరమును విడిచిన ప్రాణము మఱియొక శరీరమున జొచ్చుటను మన పెద్దలు పరకాయప్రవేశమనిరి. విక్రమార్కుని కథలలోను, శంకరాచార్యుల చరిత్రలోను ఆ ప్రసంగము వచ్చును. నేను నేడు చెప్పబోవునది యోగుల విద్య కాదు. నూనెమరకల చొక్కా తొడిగిన మేస్త్రీల విద్య. ఒక మోటారుబండిలోని ఇంజనును తీసివేసి, వేఱొక దేశమున వేఱొక పనికై పుట్టిన ఇంజనును దాని కడుపులో కూర్చుండబెట్టి, గేరుబాక్సుతో పొందు కుదిర్చి నడిపించు విద్య. దీనికిని చరిత్ర యుండునా యని కొందఱు నవ్వుదురు. ఉన్నది. అందులో మా మడకశిరకు ఒక పుట కలదు. ఆ పుటను ఎవ్వరును వ్రాసినట్లు కనబడదు గనుక, చూచినవాడను నేనే చెప్పవలసి వచ్చినది.

నేను తెలుగును, సంస్కృతమును చెప్పి బ్రతికినవాడను. యంత్రశాస్త్రము నాకు గురుముఖమున రాలేదు. 13 ఏండ్ల ప్రాయమున లాంతరు పట్టుకొని నిలుచుండి చూచినదానిని, పిదప పుస్తకములవలనను మేస్త్రీలవలనను తెలిసికొన్నదానిని కలిపి చెప్పెదను.

కథకు మూలము 1932వ సంవత్సరము. ఆ యేడు మార్చి 31వ తేదీన అమెరికాలో హెన్రీ ఫోర్డు తన వి-8 బండిని లోకమునకు చూపెను. ఎనిమిది సిలిండర్లు నాలుగేసి చొప్పున రెండు వరుసలై, 'వి' యను ఆంగ్లాక్షరము వలె రెండు ప్రక్కలకు ఒరిగియుండును. అట్టి ఇంజన్లు అంతకుముందును కలవు గాని అవి ధనవంతుల బండ్లకే చెల్లెను. ఫోర్డు ఆ దిమ్మనంతయు ఒకే పోతగా పోయించి సామాన్యుని చేతికి అందించెను. 221 ఘనాంగుళముల ఇంజను. 65 గుఱ్ఱముల బలము. అదే సంవత్సరము జూన్ మాసమున ఇంగ్లండులోని పీటర్‌బరోలో ఫ్రాంక్ పెర్కిన్స్ అను నతడు డీజిలు ఇంజన్లు చేయుటకు ఒక కర్మశాలను తెఱచెను. ఒకటి పెట్రోలును మెఱుపుతో మండించునది, పలుచనిది, పరుగెత్తునది. రెండవది గాలిని అదిమి వేడిచేసి అందులో నూనెను చిమ్మి మండించునది, బరువైనది, మెల్లగా త్రిప్పునది. ఒకే యేట పుట్టిన ఈ యిద్దఱును 42 ఏండ్ల పిదప మా యూరి చింతచెట్టు క్రింద కలిసికొనిరి. అంతలో ఏమి జరిగినదో చెప్పవలెను.

అమెరికాలో కాలిఫోర్నియా యువకులు ఫోర్డువారి పాత మోడల్ టి, మోడల్ ఏ బండ్లను కారుచౌకగా కొని, వాని నాలుగు సిలిండర్ల ఇంజన్లను పీకివేసి ఈ వి-8 లను దించసాగిరి. మడ్‌గార్డులు, పైకప్పు, బరువని తోచినదెల్ల విడదీసి పాఱవేసిరి. పరుగుపందెములకు వారు ఎన్నుకొన్న స్థలము మ్యూరాక్ అను ఎండిన సరస్సు. 1937లో అక్కడి సంఘములన్నియు కలిసి సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ అను పేర ఏకమాయెను. శ్రోతలారా, ఎండిన సరస్సు వారికి వేగమునకు నేలయైనది. ఎండిన చెఱువు మడకశిరవారికి ఏమగునో అనంతపురము జిల్లా మొగము చూచినవారికి చెప్పనక్కఱలేదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదియును వచ్చిన యేడు వచ్చును. ఈ భేదమును మఱవకుడు. విద్య ఒక్కటియే గాని, వారిని ఆ పనికి పురికొల్పినది వేగము, మావారిని పురికొల్పినది కఱవు.

యువకులు పెరటిలో చేసిన పనిని కొంతకాలమునకు కర్మాగారములే చేసెను. 1955లో షెవర్లే వారు 265 ఘనాంగుళముల చిన్న వి-8 ను తెచ్చిరి. తేలికయు, చౌకయు నగుటచే అది పరాయి బండ్లలో దూరుటకే పుట్టినట్లు ప్రసిద్ధికెక్కినది. 1964లో పాంటియాక్ వారు పెద్దబండికై చేసిన 389 ఘనాంగుళముల ఇంజనును నడితరపు టెంపెస్టు బండిలో దించి, జీటీవో యను పేరు పెట్టి అమ్మిరి. ఆ పరిమాణపు బండిలో 330 ఘనాంగుళములకు మించిన ఇంజను ఉండరాదని వారి మాతృసంస్థయైన జనరల్ మోటార్సు నియమము. దానిని కొనువాడు కోరుకొను అదనపు అమరికగా చూపి తప్పించుకొనిరి. చిన్న దేహమున పెద్ద ప్రాణము గల ఇట్టి బండ్లను అమెరికావారు మజిల్ కార్లు, అనగా కండల బండ్లు, అనిరి.

మన దేశమున సంగతి వేఱు. జనరల్ మోటార్సు వారు 1928 నుండి బొంబాయిలోని శివడీలో బండ్లు కూర్చిరి. ఫోర్డువారును బొంబాయిలో కూర్చిరి. 1950వ దశాబ్దమున, ఇక్కడనే భాగములు తయారుచేయవలెనను ప్రభుత్వ విధానము బలపడగా, ఇరువురును వెడలిపోయిరి. దిగుమతులు కట్టుబడెను. ఊళ్లలో మిగిలిన అమెరికా బండ్లు పుట్టింటి దిక్కులేని కోడండ్లైనవి. పిస్టను రింగు కావలెనన్న మఱియొక ఫోర్డు చావవలెను. అదే దశాబ్దమున మదరాసు సింప్సన్ కంపెనీవారు పెర్కిన్స్ వారి డీజిలు ఇంజన్లను ఈ దేశముననే చేయ మొదలిడిరి. అవి లారీలకు, ట్రాక్టర్లకు, పంపులకు పోయెను. అట్లు పెర్కిన్స్ భాగములు మూలమూలలకు ప్రాకినవి. ఏ సంతలో చెడినను బాగుచేయువాడు దొరకును.

అంతకుముందును మా ప్రాంతమున బండికి తిండి మార్చిన కాలమొకటి కలదు. రెండవ ప్రపంచయుద్ధమున పెట్రోలు రేషను చేయగా బస్సుల వెనుక బొగ్గుకుంపటివంటి పీపాలు తగిలించి, అరకొఱ గాలితో బొగ్గును మండించి వచ్చిన వాయువుతో నడిపిరి. బలము మూడవవంతు తఱిగెడిది. ఎత్తువచ్చినచోట టిక్కెట్టు కొన్నవారే దిగి త్రోసిరని మా తాతగారు చెప్పెడివారు. అయితే అందు మాఱినది ఆహారమే గాని ప్రాణము కాదు.

ఇక 1973. ఆ అక్టోబరున అరబ్బు దేశములు చమురు బిగించెను. ముడిచమురు పీపా వెల కొద్ది మాసములలో సుమారు 3 డాలర్ల నుండి 12 డాలర్ల దాపునకు పోయినది. అమెరికాలో కండల బండ్లు అంతకుముందే భీమా రుసుములకును, పొగ నిబంధనలకును చిక్కి నీరసించియుండెను. ఈ దెబ్బతో వాని యుగము తీరినది. జీటీవో పేరు 1974తో ఆగి మరల 2004 వఱకు వినబడలేదు. ఇక్కడ పెట్రోలు వెల పెరుగగా ఆ నవంబరున అటల్ బిహారీ వాజపేయిగారు ఎద్దుబండిపై పార్లమెంటుకు పోయి నిరసన తెలిపిరి. ఆ వార్త మా యింట చదివినపుడు మా మేనమామ నవ్వలేదు.

ఆయనకొక 1947 ఫోర్డు కలదు. హిందూపురమునందలి ఒక వర్తకునియొద్ద పాతబండిగా కొని, హిందూపురము రైలుస్టేషను నుండి మడకశిరకు బాడుగకు త్రిప్పెడివాడు. మడకశిరకు రైలు లేదు. పెండ్లివారు, పురిటినొప్పుల స్త్రీలు, అమరాపురము నుండి కోర్టుకు పోవువారు ఎక్కెడివారు. ఆ వి-8 కి అప్పటికి 239 ఘనాంగుళములు, 100 గుఱ్ఱముల బలము. లీటరు పెట్రోలుకు అయిదాఱు కిలోమీటర్లు. వెల పెరిగిన దినమునుండి బండి కదలిన నష్టము, కదలకున్న పస్తు. ఆఱుగురు తినువారు గల యిల్లు.

1974 ఉగాది వెళ్లగనే ఆయన ఎద్దులజతను 1,800 రూపాయలకు అమ్మెను. బావి యెండి కపిల తోలుట మానియుండిరి గాన ఎద్దులకు పనియు లేదు, మేతయు లేదు. అయినను మా తాతగారు ఆ రాత్రి అన్నము ముట్టలేదు. "బిడ్డలమాదిరి పెంచినోటిని అమ్మి ఇనుము కొంటావేమిరా" అనిరి. మామ బదులాడక మదరాసు బండి యెక్కెను. మదరాసున పుదుపేట, బెంగుళూరున జె.సి. రోడ్డు పాత మోటారు సామానులకు పేరుమోసినవి. పుదుపేటలో నలిగిన వ్యానునుండి ఊడదీసిన నాలుగు సిలిండర్ల పెర్కిన్స్ పి-4 ఇంజను ఒకటి లారీమీద మా యింటికి వచ్చినది.

చింతకొమ్మకు చైను కప్పీ కట్టిరి. మేస్త్రీ ఒక సాయిబు. లారీషెడ్డులో ఎదిగినవాడు, అక్షరములు రావు. బానెట్టు విప్పి, నీళ్లు నూనె దించి, బ్యాటరీ వైరు తొలగించి, ఫౌండేషను బోల్టులు విప్పి వి-8 ను లేపినపుడు అది ఒకసారి గాలిలో తిరిగి ఆగినది. దాని క్రింద కారిన నల్లని నూనె మా అమ్మ వేసిన ముగ్గుమీద పడెను. ఆ సంగతి ఇప్పటికిని కన్నులకు కట్టినట్లున్నది.

దించుటలో కష్టము లేదు, ఎక్కించుటలోనే. ఆ కాలపు ఫోర్డులో గేరుబాక్సునుండి వెనుక ఇరుసునకు పోవు కడ్డీ ఒక గొట్టము లోపల తిరుగును. చక్రములు బండిని త్రోయు త్రోపు ఆ గొట్టముగుండ వచ్చి గేరుబాక్సు వీపున పడును. కావున ఆ గేరుబాక్సు పండ్లచక్రముల పెట్టె మాత్రమే కాదు, ఇంటికి నడిమిస్తంభము. దానిని తీసి లారీ గేరుబాక్సు పెట్టినచో వెనుక ఇరుసు, కమానులు అన్నియు మార్చవలెను. అంత ధనము లేదు. పాత గేరుబాక్సు నుండవలెను, కొత్త ఇంజను దానికి అతుకవలెను. అమెరికాలో ఈ చిక్కే రాగా, ఫోర్డు గేరుబాక్సునకు కాడిలాక్, ఓల్డ్స్‌మొబీల్ ఇంజన్లను అతుకు పళ్లెములను చేసి అంగళ్లలో అమ్మిరి. మా సాయిబునకు ఆ అంగడి లేదు. పైగా 1948 వఱకు వచ్చిన ఫోర్డు వి-8 లలో క్లచ్చిని కప్పు బెల్‌హౌసింగు ఇంజను పోతతోనే ఏకమైయుండును. ఇంజను పోయిన అదియును పోవును. అతడు పెర్కిన్స్ హౌసింగునే నిలిపి, దానికిని ఫోర్డు గేరుబాక్సునకును నడుమ ఒక మందపు ఇనుప వలయమును హిందూపురమున లేతుమీద కోయించెను. దానికి ఇటువైపు పెర్కిన్స్ రంధ్రములు, అటువైపు ఫోర్డు రంధ్రములు. ఒక రంధ్రము పొరపాటున వేఱుచోట పడినది. దానిని ఇత్తడిముక్కతో పూడ్చి ఆకురాయితో నున్నచేసెను.

వ్యాకరణము చెప్పువాడను గాన నాకు తోచిన పోలిక చెప్పెదను. రెండు పదములు కలియునపుడు సంధి యగును. మొదటిదాని చివరి అచ్చు, రెండవదాని మొదటి అచ్చు ఏమగునో తెలియక కలిపినచో మాట విఱుగును. ఇంజను క్రాంకు, గేరుబాక్సు మొదటి షాఫ్టు ఒకే గీతమీద నిలువవలెను. వెండ్రుకవాసి తొలగినను బేరింగు ఏడ్చును. ఆ షాఫ్టు మీద పది గాడులు కలవు. క్లచ్చిప్లేటు నడుమనున్న హబ్బునందును పది గాడులే యుండవలెను. పెర్కిన్స్ ప్లేటు గాడులు వేఱు. సాయిబు ఫోర్డు ప్లేటునుండి హబ్బును పెఱికి పెర్కిన్స్ ప్లేటునకు రివిట్లు కొట్టెను.

మొదటి రాత్రి పని చెడినది. ఇంజనును గేరుబాక్సు దాకా నెట్టిరి. బొటనవ్రేలిమందము సందు మిగిలెను. ప్రొద్దు చాలయ్యెను, అందఱును అలసిరి. బోల్టులు బిగించిన అదియే వచ్చునని మామ తొందరించెను. బిగించిరి, వచ్చినది. తెల్లవాఱి ఇంజను మొరసినది గాని, క్లచ్చి త్రొక్కినను గేరు వదలలేదు. బండి ఒక్క ఎగురు ఎగిరి గోడకు తగిలెను. సాయిబు తిట్టలేదు, వగవలేదు. "బోల్టు ఉండేది బిగించనీకి సామీ, లాగనీకి కాదు" అని మాత్రము అనెను. ఇంజను మరల పైకి లేచినది. హబ్బు ఒరిగి, గాడులు నలిగియుండెను.

తరువాత తెలిసికొంటిని, లోకమంతటను ఇదియే మొదటి తప్పు. అమెరికా కండల బండ్లలో ఆటోమేటిక్ గేరుబాక్సు పెట్టువారు సైతము, టార్కు కన్వర్టరు లోపలి పంపులో పూర్తిగా కూర్చుండకముందే బోల్టులతో లాగి పంపును పగులగొట్టుకొందురు. ఇంజను మొగము గేరుబాక్సు మొగమునకు చేతితో త్రోసినంతనే ఆనవలెను. ఆనకున్న లోపల ఏదో ఒప్పలేదని అర్థము.

మామ రెండునాళ్లు మాటలాడలేదు. అప్పునకు పోయి మఱియొక హబ్బు తెచ్చెను. సాయిబు ఒక చెడిన ఫోర్డు గేరుబాక్సు షాఫ్టును సంపాదించి, దానిని క్లచ్చిప్లేటు నడుమ దూర్చి, నడిమి సరిగా కుదిరినదాక ప్రెషరుప్లేటు బోల్టులను చుట్టువాటముగా కొంచెము కొంచెమే బిగించి, పిదప షాఫ్టును లాగివేసెను. ఇంజనును చింతకొమ్మనుండి అంగుళమంగుళముగా దించుచు, క్రాంకును చేతితో తిప్పుచు, గాడులు గాడులను వెదకికొనువఱకు ఓపికపట్టెను. ఒక మెత్తని చప్పుడుతో సందు మూసికొనెను. అప్పుడు గాని బోల్టులు ముట్టలేదు.

మిగిలినది త్వరగా చెప్పెదను. వి-8 కి రెండు నీటిపంపులు, రేడియేటరునకు పైన రెండు క్రింద రెండు గొట్టములు. పెర్కిన్స్‌కు ఒక్కొక్కటే గాన మిగిలినవాటిని మూసిరి. ఫోర్డు ఆఱు వోల్టులది. డీజిలును లేపుటకు లారీబ్యాటరీ పెట్టిరి. ముందు కమానునకు ఒక పట్టీ చేర్చిరి, బరువు పెరిగెను గనుక. డీజిలు నిదానముగా తిరుగును గాన బండి గంటకు 60 కిలోమీటర్లు మించలేదు. పెనుకొండ ఘాటులో మాత్రము మునుపటికంటె గట్టిగా ఎక్కెను. లోపల కూర్చున్నవారి మాట లోపలివారికే వినబడెడిది కాదు. లీటరునకు 12 కిలోమీటర్లు, అందును చౌకనూనె. అప్పు ఏడాదిలో తీరెను. మా యింట ఆఱుగురు తినిరి; నేను ఓరియంటల్ కళాశాలలో చేరితిని.

ఆ దశాబ్దమున దేశమంతట డాడ్జీలు, ప్లిమత్తులు, షెవర్లేలు, అంబాసిడర్లు ఇట్లే గుండెలు మార్చుకొనెను. 1980లో హిందుస్థాన్ మోటార్సు వారే అంబాసిడరును డీజిలు ఇంజనుతో అమ్మిరి. మేస్త్రీలు చెట్లక్రింద చేసిన పని కర్మాగారమునకు ఎక్కుట ఇక్కడను జరిగినదే. రిజిస్ట్రేషను పుస్తకమున బండికి రెండు సంఖ్యలుండును, చాసీది ఒకటి, ఇంజనుది ఒకటి. మామ పుస్తకములో రెండవదానిని ఎఱ్ఱసిరాతో కొట్టి క్రొత్తది వ్రాసిరి. ఇప్పుడంత సులభము కాదు. 1988 మోటారు వాహనముల చట్టము 52వ విభాగమును సుప్రీంకోర్టు 2019 జనవరిలో వివరించుచు, తయారీదారు నిర్దేశించినదానికి భిన్నముగా బండిని మార్చరాదని తీర్పుచెప్పెను. ఆమోదము పొందిన పరికరములతో ఇంధనమును మార్చుటకు చట్టము అవకాశమిచ్చినది. బ్యాటరీయును అందులో చేరినది. ప్రజల ప్రాణరక్షణకు ఈ కట్టుబాటు అవసరమే. మా సాయిబు వలయము విఱిగియుండిన ఎందఱు పోయెడివారో! విఱుగకపోవుట అతని చేతి చలువ గాని శాసనము చలువ కాదు.

నేడు పెనుకొండయొద్ద ఎఱ్ఱమంచిలో కియా కర్మాగారము కలదు. 2019 ఆగస్టున అచ్చటినుండి మొదటి సెల్టాస్ బండి వెలువడినది. ఏటికి 3 లక్షల బండ్లు చేయు శక్తితో దానిని కట్టిరి. కార్ల కర్మాగారములలో ఇంజనును గేరుబాక్సును ముందే జతచేసి, క్రిందినుండి పైకెత్తి దేహమున అమర్తురు. మోటారువారి పరిభాషలో ఆ ఘట్టమునకు పెండ్లి యని పేరు. ఎద్దులనమ్మినవారి మనుమలు ఇప్పుడు ఆ పెండ్లికి పురోహితులై యుందురు. చింతకొమ్మ, కప్పీ, లాంతరు అక్కఱలేదు.

మామ 1985 వఱకు ఆ బండి నడిపి, చూపు తగ్గగా అమ్మివేసెను. వి-8 గొడ్లపాకలో పదేండ్లు పడియుండి, తూకమునకు గుజరీవానికి పోయెను. 2011లో బెంగుళూరున పాతబండ్లను ప్రోగుచేయు ఒకాయన, బండి పూర్వచరిత్ర వెదకుచు మాయూరిపేరు పట్టుకొని నాకు కబురంపెను. పోయి చూచితిని. రంగు మాఱినది, పలకమీది సంఖ్య మాఱినది. పెర్కిన్స్‌ను పెఱికి మూలనుంచిరి. విదేశమునుండి తెప్పించిన వి-8 ఒకటి గొలుసున వ్రేలాడుచు లోనికి పోవుటకు సిద్ధముగా నున్నది. ఆయన నన్ను, ఇది మీ మామగారి బండియేనా యని అడిగెను. నేనేమి చెప్పగలను? ఫోర్డులన్నియు ఒక్క పోలికయే.

మూలనున్న ఇనుపకుప్పలో వలయము కనబడెను. తుడిచి చూచితిని. ఇత్తడిముక్క అక్కడనే కలదు.

అది ఆయనకు అక్కఱలేదు, గుజరీకి పోవలసినదే. అడిగి తెచ్చుకొంటిని. హిందూపురము బస్సులో కండక్టరు దానిని చేతితో ఎత్తిచూచి, పదకొండు కిలోలుండునని చెప్పి, లగేజీ టిక్కెట్టు కొట్టెను.